కస, కష, కశ: ఇంగ్లీషు హల్లులూ పోలిష్ హల్లులూ

సభకు నమస్కారం.

పోలిష్ భాషలో మూడు చిన్న మాటలతో ఈ ప్రసంగం మొదలుపెడతాను: కస, కష, కశ. మొదటిది దుకాణంలో మనం డబ్బు కట్టే గల్లా. రెండవది గింజధాన్యాల నూకలు, వాటితో వండిన జావ లాంటి వంటకం. మూడవది కతఝినా అనే ఆడపేరుకు ఇంట్లో వాడే ముద్దుపేరు. ఇంగ్లీషు మాతృభాషగా గల విద్యార్థికి ఈ మూడింటిలో కస ఒక్కటే విడిగా వినిపిస్తుంది. కష, కశ అనే రెండూ అతని చెవికి ఒకటే మాట. జావ వండమన్నారో, కశను పిలవమన్నారో తేల్చుకోలేక తికమకపడతాడు. అదే తెలుగు బడిలో చదువుకున్నవాడైతే ఈ మూడింటినీ మూడు అక్షరాలతో చక్కగా రాసి చూపగలడు. స, ష, శ అని మనం చిన్నప్పుడు దిద్దిన వరుసే అది. అవి మూడూ మన నోటిలో నిజంగా మూడుగానే పలుకుతున్నాయా అన్నది వేరే ప్రశ్న, దానికి తరువాత వస్తాను.

ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఇంగ్లీషుకూ పోలిష్‌కూ హల్లుల సంఖ్యలో తేడా ఉన్న మాట నిజమే. ఇంగ్లీషులో ఇరవై నాలుగు, పోలిష్‌లో లెక్కించే పద్ధతిని బట్టి ముప్పైకి పైన. కానీ అసలు తేడా సంఖ్యలో లేదు. రెండు మాటలను వేరుచేయడానికి ఇంగ్లీషు ఎక్కువగా ఊపిరి మీద, పక్కనున్న అచ్చు నిడివి మీద ఆధారపడుతుంది. పోలిష్ నాలుక ఎక్కడ ఆనుతుందన్న దాని మీద, గొంతులో పుట్టే నాదం మీద ఆధారపడుతుంది. ఈ విషయంలో మన వర్ణమాలను కూర్చిన పద్ధతి ఇంగ్లీషుకంటే పోలిష్‌కు చాలా దగ్గర. అందుకే ఈ పోలికను తెలుగువారి ముందు పెడితే మంచిదని అనిపించింది.

ఊష్మాలతోనే మొదలుపెడదాం. పోలిష్ సకారం పళ్ల దగ్గర పుడుతుంది. శకారానికి నాలుక మధ్యభాగం అంగుడి వైపు లేస్తుంది. షకారానికి నాలుక వెనక్కి తగ్గి, దంతమూలం, అంటే పైపళ్ల వెనుక చిగురు, దాని వెనుక బల్లపరుపుగా నిలుస్తుంది. ధ్వనిశాస్త్రజ్ఞులలో కొందరు దీనిని మూర్ధన్యమనే అంటారు, అయితే మన టకారంలో లాగా నాలుక కొన పైకి మడత పడదని గుర్తుంచుకోవాలి. ఇంగ్లీషులో ‘షాప్’, ‘ఫిష్’ అన్నప్పుడు వినిపించే ధ్వని ఈ శకార షకారాలు రెంటికీ నడుమ ఎక్కడో ఉంటుంది, పైగా పెదవులు కొద్దిగా ముందుకు వస్తాయి. నడుమనున్న ధ్వనిని పక్కవాళ్లు తమ తమ గూళ్లలో ఏదో ఒకదానిలో పడవేసుకుంటారు. పోలిష్ వారు దానిని షకారపు గూటిలో వేశారు. ఇంగ్లీషులోని ‘షెరిఫ్’ వారికి ‘షెరిఫ్’, షాంపూ వారికి ‘షంపొన్’. మనమూ ఆ పనే చేశాం. షాపు, షర్టు, షాంపూ అన్నీ షకారంతోనే రాస్తాం. హిందీలోని ‘చాంపో’ నుంచి ఇంగ్లీషులోకి వెళ్లిన మాట అక్కడినుంచి మన దగ్గరికీ వార్సాకూ షకారం తగిలించుకునే చేరడం చూస్తే నాకు ముచ్చటేస్తుంది.

ఊష్మాలకు ఎంత వివరం ఉందో, చకార వర్గానికీ పోలిష్‌లో అంతే వివరం ఉంది. స, ష, శ అనే మూడు స్థానాలకూ సరిపోయే మూడు చకారాలు ఆ భాషలో ఉన్నాయి. మొదటిది దంత్యం. ‘ఏమిటి’ అని అడగడానికి పోలిష్ వారు ‘ౘొ’ అంటారు. రాత్రిని ‘నొౘ్’ అంటారు. ఇంగ్లీషు అక్షరాలలో సి, ఏ, ఆర్ అని రాసి ఉన్న పోలిష్ మాటను ‘ౘర్’ అని చదవాలి, దానికి అర్థం రష్యా చక్రవర్తి. ఇంగ్లీషువారు ఈ ధ్వనిని ‘క్యాట్స్’ వంటి మాటల చివర హాయిగా పలుకుతారు గాని మాట మొదట్లో పెడితే నాలుక ఆడదు. అందుకే ఆ చక్రవర్తిని వారు ‘జార్’ చేశారు. మనకు ఆ ఇబ్బంది లేదు. చలి, చాలు, చుక్క అని మనం పలికేది ఈ దంత్య చకారమే. చెట్టు, చీర అన్నప్పటిది తాలవ్యం. చిన్నయసూరి 1858లో వెలువడిన బాలవ్యాకరణంలో ఈ రెంటినీ వేరుగా చెప్పి, ఏ అచ్చులతో ఏది వస్తుందో నియమం కూడా ఇచ్చాడు. పాత పుస్తకాలలో చకారం నెత్తిన రెండంకె లాంటి గుర్తు పెట్టి ౘ అని అచ్చువేసేవారు. ఆ గుర్తును మనం వాడుకలోంచి తీసేశాం. పోలిష్ పేర్లను తెలుగులో రాయవలసి వచ్చినప్పుడు మాత్రం దాని లోటు తెలుస్తుంది.

రెండవ చకారం మన చీరలోని తాలవ్య చకారానికి దగ్గర. మూడవదానికి, అంటే షకారపు చోట పుట్టే చకారానికి, మన దగ్గర అక్షరం లేదు. ఇంగ్లీషుకు ఉన్నది ఒకే ఒక చకారం, అదీ మళ్లీ నడుమన. ఇంకొక సూక్ష్మం ఉంది. పోలిష్‌లో ‘చిస్తా’ అంటే శుభ్రమైనది, ‘త్షిస్తా’ అంటే మూడు వందలు. మొదటిదానిలో ఉన్నది ఒకే హల్లు అయిన చకారం, రెండవదానిలో ఉన్నవి తకార షకారాలు రెండు. తొందరగా మాట్లాడేటప్పుడు స్థానికులే అప్పుడప్పుడు ఈ తేడాను మింగేస్తారు. జాగ్రత్తగా పలికేవారు మాత్రం పాటిస్తారు. ఇంగ్లీషులో దీనికి సరిగ్గా ఎదురు ధోరణి కనబడుతుంది. ‘ట్రెయిన్’, ‘ట్రీ’ అన్న మాటలను చాలామంది ఇంగ్లీషువారు పలికే తీరు ‘చ్రెయిన్’, ‘చ్రీ’ లాగా ఉంటుంది, దానివల్ల వారికి ఏ మాటా మరో మాటతో కలిసిపోదు.

ఇంతవరకు చెప్పింది శ్వాస వర్ణాల సంగతి, అంటే గొంతు నాదం లేకుండా పలికేవాటి సంగతి. నాద వర్ణాల దగ్గరికి వచ్చేసరికి మన గొప్ప కొంత తగ్గించుకోవాలి. పైన చెప్పిన ఆరు ధ్వనులకూ గొంతు నాదం చేర్చితే మరో ఆరు వస్తాయి, పోలిష్‌లో ఆ ఆరూ ఉన్నాయి. ఇంగ్లీషులో మూడు ఉన్నాయి: ‘జూ’ మొదట్లో వచ్చేది, ‘టెలివిజన్’ నడుమ వచ్చేది, ‘జడ్జ్’ మొదట్లో వచ్చేది. తెలుగులో జకారాలు దంత్యమూ తాలవ్యమూ కలిపి రెండు. సకార షకారాలకు నాదరూపాలు లేనే లేవు. అందువల్ల ఆ మూడు ఇంగ్లీషు మాటలనూ మనం ఒకే అక్షరంతో రాస్తాం, చాలామందిమి ఒకేలా పలుకుతాం కూడా. బోర్డు మీద నేను కతఝినా అన్న పేరులో ఝకారం రాశాను. దానిని మన ఝకారంలా ఒత్తి చదవవద్దు, ‘టెలివిజన్’లో ఇంగ్లీషువారు పలికే ధ్వనిని కొంచెం వెనక్కి లాగి పలకండి. ఈ ఝకారాన్ని పోలిష్‌లో రెండు రకాలుగా రాస్తారు. ‘మొఝె’ అంటే సముద్రం, ‘మొఝె’ అంటే బహుశా. ఉచ్చారణ ఒకటే, వర్ణక్రమాలు వేరు. సముద్రంలోనిది ఒకప్పుడు మెత్తని రేఫ, కాలక్రమంలో అది ఊష్మంగా మారిపోయినా రాతలో రేఫ గుర్తు మిగిలింది. మన శకటరేఫ ఱ కథ తెలిసినవారికి ఇందులో వింత ఏమీ ఉండదు.

ఇందాక వాయిదా వేసిన ప్రశ్నకు వస్తాను. మన మాటలో శ, ష, స మూడుగా ఉన్నాయా? నిజం చెప్పుకోవాలంటే చాలామంది నోట శకార షకారాలు కలిసిపోయాయి, పల్లెల్లో మూడూ సకారమే అయ్యాయి. శంకరయ్య సంకరయ్య అవుతాడు. పోలండ్‌లోనూ ఇటువంటిదే ఉంది. మజోవియా, మవొపొల్‌స్కా ప్రాంతాల మాండలికాలలో షకారపు వరుస మొత్తం సకారపు వరుసలో కలిసిపోతుంది. దానికి ‘మజుఝెఞె’ అని పేరు పెట్టి, పల్లెటూరి గుర్తుగా చూసి చదువుకున్నవారు నవ్వుకునేవారు. మనవాళ్లు నవ్వే నవ్వూ అదే. ఇక సకారం ఇకార ఎకారాల ముందు శకారం వైపు జారడం పోలిష్‌లో వ్యాకరణ నియమం. తెలుగులో అది ‘చేసాను’ రాయాలా ‘చేశాను’ రాయాలా అన్న తెగని తగాదా.

ఇప్పుడు స్పర్శాలు. ఇంగ్లీషువారు ‘టేబుల్’ అనేటప్పుడు నాలుక కొన పైపళ్ల వెనుక చిగురుకు తాకుతుంది. పోలిష్ తకారానికి అది పళ్లకే తాకుతుంది, అచ్చంగా మన తకారంలాగా. దంతమూలంలో పుట్టే ఆ ఇంగ్లీషు ధ్వని మన చెవికి టకారంలా, పోలిష్ వారి చెవికి తకారంలా వినబడుతుంది. ధ్వని ఒకటే, ఉన్న గూళ్లను బట్టి మనం వెనక్కి లాగాం, వారు ముందుకు లాగారు. పోలండ్ నాయకుడు దొనల్ద్ తుస్క్ పేరును మన పత్రికలు ‘డొనాల్డ్ టస్క్’ అని రాయడం ఇంగ్లీషు దారి వెంట వచ్చిన అలవాటు. ఆయన పేరులో ట లేదు, డ లేదు.

ఊపిరి సంగతి ఇంతకంటే ముఖ్యం. అరచేయి నోటికి దగ్గరగా పెట్టుకుని ఇంగ్లీషువాడు ‘పిన్’ అంటే చేతికి గాలి తగులుతుంది, ‘స్పిన్’ అంటే తగలదు. మన పరిభాషలో మొదటిది మహాప్రాణం, రెండవది అల్పప్రాణం. ఇంగ్లీషువాడికి ఆ తేడా ఉన్నట్టే తెలియదు, ఎందుకంటే దానివల్ల అతని భాషలో మాట మారదు. 1964లో లిస్కర్, ఏబ్రమ్‌సన్ అనే ఇద్దరు పరిశోధకులు పదకొండు భాషలలో పెదవులో నాలుకో విడివడిన తరువాత గొంతు నాదం ఎంతసేపటికి మొదలవుతుందో కొలిచారు. ఇంగ్లీషు ప, ట, క లకు ఆ ఆలస్యం సగటున సుమారు 58, 70, 80 మిల్లీసెకన్లు. ఆ పదకొండింటిలో మన పొరుగున ఉన్న తమిళం ఉంది, హిందీ మరాఠీలు ఉన్నాయి, పోలిష్ లేదు. తరువాత ప్యాట్రిషియా కీటింగ్ ఇంగ్లీషుతో పోల్చి పోలిష్‌ను పరిశీలించారు. పోలిష్ పరుషాలకు ఆ ఆలస్యం బాగా తక్కువ, సరళాలకు పెదవి విడక ముందే నాదం మొదలవుతుంది. తెలుగు బకారానికీ అంతే. ఇంగ్లీషు బకారంలో, ముఖ్యంగా మాట మొదట్లో, ఆ ముందస్తు నాదం తరచుగా ఉండదు. ఫలితం ఏమంటే, పోలిష్ వారు గాని మనం గాని గాలి లేకుండా ‘పిన్’ అంటే లండన్‌లో వినేవారికి అది ‘బిన్’ అనిపించవచ్చు. సరళానికీ పరుషానికీ మధ్య ఇంగ్లీషు గీసిన గీత మన గీత ఉన్నచోట లేదు.

మాట చివరికి వెళితే తేడా ఇంకా స్పష్టం. పోలిష్‌లో మాట చివర సరళం నిలవదు, పరుషమైపోతుంది. పిల్లిని ‘కొత్’ అంటారు. ఇంగ్లీషు ‘కోడ్’ మాటను వారు దకారంతో రాసుకున్నా పలకడం ‘కొత్’ అనే. దేవుడు, బీచ్ చెట్టు, తూర్పు సరిహద్దున పారే ఒక నది, ఈ మూడింటినీ మూడు విధాలుగా రాసి మూడింటినీ ‘బుక్’ అని పలుకుతారు. ఈ అలవాటుతో ఇంగ్లీషు మాట్లాడితే ‘డాగ్’ ‘డాక్’ అవుతుంది, ‘బెడ్’ ‘బెట్’ అవుతుంది. మరి ఇంగ్లీషువారు చివరి డకారాన్ని గంట కొట్టినట్టు పలుకుతారా అంటే అదీ లేదు. వారి నోట కూడా అక్కడ నాదం చాలావరకు సన్నగిల్లుతుంది. వారు పట్టుకునేది దాని ముందున్న అచ్చును. ‘బెడ్’లోని ఎకారం ‘బెట్’లోని ఎకారంకంటే నిడుపు. పోలిష్ వక్త ఆ నిడివి ఇవ్వడు గనుక మాట చేజారిపోతుంది. మనం ‘బెడ్డు’ అని ఒక ఉకారం తగిలించి ఆ గండం గట్టెక్కుతాం. అందం పోయినా అర్థం దక్కుతుంది. ‘కింగ్’ చివర ఇంగ్లీషువారు గకారం పలకరు, ఙకారంతో ఆపేస్తారు. పోలిష్‌లో ఙకారం క, గ ల ముందు తప్ప రాదు గనుక వారు గకారాన్ని చేర్చుకుంటారు, చివరి నియమం వచ్చి దానిని కకారం చేస్తుంది. రాజుగారు ‘కింక్’ అయిపోతారు.

పక్కపక్కన వచ్చే హల్లులు పోలిష్‌లో ఒకదాని రంగు ఒకటి పులుముకుంటాయి, ఎక్కువగా వెనుకది ముందుదానిని మారుస్తుంది. ఇంగ్లీషు నుంచి వచ్చిన ఫుట్‌బాల్ వారి రాతలో తకారంతో ‘ఫుత్బొల్’, పలుకులో ‘ఫుద్బొల్’. సత్ అన్నదానికి భక్తి చేరితే సద్భక్తి అయినట్టు. ఇక్కడ ఒక విషయం మీ ముందు పెట్టాలని చాలాకాలంగా కోరిక. ‘కొత్ ఆదమా’ అంటే ఆదమ్ పిల్లి. వార్సా వారు దానిని అలాగే పలుకుతారు. క్రాకుఫ్, పొజ్నాఞ్ నగరాల వైపు ‘కొద్ ఆదమా’ అంటారు, అంటే పదం చివరి పరుషం తరువాతి పదం అచ్చుతో మొదలైతే సరళమవుతుంది. జగత్ ప్లస్ ఈశుడు జగదీశుడు, వాక్ ప్లస్ ఈశుడు వాగీశుడు అని తొమ్మిదో తరగతిలో వల్లె వేసిన జశ్త్వసంధి ఒక యూరపు నగర వీధుల్లో ఇప్పటికీ నడుస్తోంది. సంస్కృత వ్యాకరణం పుస్తకంలో మిగిలిపోయిన శిథిలం అనుకునే విద్యార్థులకు నేను ఈ ఉదాహరణే చెబుతాను. ఇంగ్లీషులో ఇలాంటి నాద సంధి లేదు. ‘ఫుట్‌బాల్’లో టకారం పకారంలా మారవచ్చు, గొంతులో చప్పున ఆగిపోవచ్చు, నాదం మాత్రం పొందదు.

వకారం దగ్గర ఒక చిక్కుముడి. పోలిష్‌లో డబ్ల్యు అక్షరం పైపళ్లు కింది పెదవికి ఆనించి పలికే వకారం. పెదవులు గుండ్రంగా చుట్టి ఇంగ్లీషువారు ‘వాటర్’ అనేటప్పటి వకారం కూడా వారికి ఉంది, కానీ దానిని అడ్డగీత గల ఎల్ అక్షరంతో రాస్తారు. అంటే రెండు వకారాలనూ పలకగలిగిన నాలుక అక్షరాన్ని చూసి మోసపోతుంది. ఆ అడ్డగీత ఎల్ ఒకప్పుడు నిజంగా లకారమే, నాలుక వెనుకభాగం లేపి పలికే బరువైన లకారం. ఇరవయ్యో శతాబ్దంలో కూడా పాత తరం రంగస్థల నటులు దానిని అలాగే పలికేవారు. క్రమంగా అది వకారమైంది. ఇంగ్లీషులో ‘మిల్క్’, ‘ఫీల్’ మాటల్లో ఉన్నదీ అటువంటి బరువైన లకారమే, లండన్ వీధుల్లో అదీ వకారమవుతోంది. అక్కడ పాలను ‘మివ్క్’ అనేవారు ఎందరో. పోలిష్ నడిచి ముగించిన దారిలో లండన్ ఇప్పుడు నడుస్తోందన్నమాట. మనకేమో ఉన్నది ఒకే వకారం, అది ఆ రెండింటి నడుమన ఉంటుంది.

పోలిష్‌లో లేని ఇంగ్లీషు హల్లులు అంటే అందరూ మొదట చెప్పేది ‘థింక్’, ‘దిస్’ మాటల తొలి ధ్వనులు. వారిలో కొందరు ఫకారం, కొందరు సకారం, కొందరు తకారం పెట్టుకుంటారు. మనం థ, ద లతో సరిపెట్టుకుంటాం. దీని మీద జరిగేంత చర్చ అవసరమని నాకు అనిపించదు, అక్కడ పొరపాటు పడ్డా వినేవారికి అర్థం కాకపోవడం అరుదు. పోలిష్ హకారం గొంతు వెనుక నుంచి గీరుకుంటూ వస్తుంది, ఇంగ్లీషుది ఉత్త ఊపిరి. పోలిష్ రేఫ మన రేఫలాగా నాలుక కొట్టి పలికేది, ఇంగ్లీషు రేఫలో నాలుక దేనికీ తగలదు.

సంయుక్తాక్షరాల గురించి చెప్పకపోతే పోలిష్ గురించి చెప్పినట్టు కాదు. ఇంగ్లీషులో మాట మొదట మూడు హల్లులు మించవు, మూడు ఉంటే మొదటిది సకారమే కావాలి: స్ట్రీట్, స్ప్రింగ్. పోలిష్‌లో కుదుపును ‘ఫ్‌స్త్షొఁస్’ అంటారు, బడిలో అనడానికి ‘ఫ్‌ష్కొలె’ అంటారు. ఆ రెండవదానిలో మొదటి ఫకారమే ‘లో’ అనే విభక్తి, దానికి అచ్చు కూడా లేదు. ‘నేరాల యొక్క’ అనే అర్థంలో వచ్చే ‘ప్షెస్తెంప్‌స్త్‌ఫ్’ చివర అయిదు హల్లులు వరుసగా ఉన్నాయి. స్కూలును ఇస్కూలు చేసుకున్న మన నాలుకకు ఇది పరీక్షే. అయితే ఇంగ్లీషు ఈ విషయంలో అమాయకురాలేమీ కాదు. ‘సిక్స్త్స్’ అనే మాటను తొట్రుపడకుండా పలికి చూడండి. తేడా ఎక్కడంటే, ఇంగ్లీషు కొన్ని జంటలను భరించలేక ఒకదానిని వదిలేసింది; ‘నైఫ్’కు ముందు కకారం, ‘సైకాలజీ’కి ముందు పకారం రాతలోనే మిగిలాయి. పోలిష్ పకారాన్నీ సకారాన్నీ కలిపి పలుకుతుంది, పక్షిని ‘ప్తక్’ అంటుంది. పైగా ఇంగ్లీషువారు ‘డాక్టర్’లో కకారాన్ని విడవకుండానే టకారంలోకి వెళ్లిపోతే, పోలిష్ వారు రెంటినీ విడివిడిగా విప్పి పలుకుతారు. ద్విత్వాలు కూడా వారికి మనలాగే మాటను మారుస్తాయి: ‘లెకి’ అంటే మందులు, ‘లెక్కి’ అంటే తేలికైనది. ఇంగ్లీషు రాతలో ‘హ్యాపీ’కి రెండు పకారాలున్నా నోట ఒకటే, రాత చూసి ‘హ్యాప్పీ’ అనేది మనం.

ఇటువంటి పోలికలకు పనికివచ్చే మూలసూత్రం ఒక పోలిష్ పండితుడి దగ్గరే మొదలైంది. 1845లో వార్సా దగ్గరి రౙిమిన్‌లో పుట్టిన యాన్ బోదువాన్ ద కుర్తెనె, రష్యాలోని కజాన్ విశ్వవిద్యాలయంలో తన శిష్యుడు మికొవై క్రుషెఫ్‌స్కితో కలిసి, నోట వెలువడే ధ్వని వేరు, మాటను మాట నుంచి వేరుచేసేదిగా మనసులో ఉండే వర్ణం వేరు అని స్పష్టపరిచాడు. ఇంగ్లీషువాడి ‘పిన్’, ‘స్పిన్’లలో ధ్వనులు రెండు, వర్ణం ఒకటి. కష, కశలలో ధ్వనులూ రెండే, వర్ణాలూ రెండే.

వర్ణం తెలిసినంత మాత్రాన నోరు తిరుగుతుందని కాదు. 1857లో పుట్టిన యూజెఫ్ కొఝెఞొఫ్‌స్కి ఇరవై దాటిన తరువాత ఇంగ్లీషు నేర్చుకుని, జోసెఫ్ కాన్రాడ్ పేరుతో ఆ భాష నవలాకారులలో అగ్రశ్రేణికి చేరాడు. 1924లో కన్నుమూసేవరకు ఆయన ఇంగ్లీషు యాస పోలిష్‌దే. 2021 జనాభా లెక్కలలో ఇంగ్లండ్, వేల్స్‌లలో పోలిష్ తమ ప్రధాన భాష అని చెప్పుకున్నవారు సుమారు 6,12,000 మంది. అంటే ఈ రెండు భాషల హల్లులు ఈనాడు లండన్ బస్సుల్లో, బడుల్లో రోజూ ఎదురుపడుతున్నాయి.

చివరిగా మన సున్న. పోలిష్‌లో తోక గల ఎ, తోక గల అ అని రెండు అక్షరాలున్నాయి, వాటిని పుస్తకాలు అనునాసికాచ్చులు అంటాయి. స్పర్శానికి ముందు వచ్చినప్పుడు అవి అచ్చులుగా ఉండవు; అచ్చు విడిపోయి, పక్కనున్న హల్లు వర్గానికి చెందిన అనునాసికం పుడుతుంది. చేయి ‘రెంక’, అక్కడ సున్న ఙకారం. చేతులు ‘రెంౘె’, అక్కడ నకారం. అంకె, అంచె, అంత, అంబలి అని మనం ఒకే సున్న రాసి నాలుగు రకాలుగా పలకడం లేదా, అదే. ఊష్మం ముందు వస్తే మాత్రం ముక్కు పలుకు పలచబడి అచ్చులోనే ఉండిపోతుంది. ‘వాలేసా’ అని మన పత్రికల్లో చదువుకున్న నాయకుడి పేరును నేనైతే అరసున్నతో ‘వవెఁసా’ అని రాస్తాను, ఆ రెండు వకారాలూ వేరని తెలిసే. ఇక పళ్లను పోలిష్‌లో ‘జెంబి’ అంటారు, సకారానికి నాదం చేర్చిన జకారంతో. బకారం ముందు సున్న మకారమైంది. ఒక్క పన్ను అయితే రాతలో చివరి అక్షరం బకారమే, కానీ దాని తరువాత అచ్చు లేదు గనుక సరళం నిలవదు. అందుకని నోట ‘జొంప్’.